గడప దగ్గర పాట

“ఎవరు కట్టారో గానీ ఈ వీణకు మేళం కుదర్లేదురా. నాదం ఆగిపోయే ముందు మెట్టు కొట్టుకుంటోంది” అంది పిన్ని.

1994 వేసవి. తెనాలిలో పిన్ని వాళ్ల వసారా. నేను సొంతంగా చేసిన యాంప్లిఫయర్ మొదటిసారి నలుగురి ముందు పాడుతోంది. హైదరాబాదు నుంచి దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే మూడు కిలోలు. కండక్టరు ఆ పెట్టెను అటూ ఇటూ చూసి, అదేమిటో అంతు చిక్కక, దేనికైనా మంచిదని లగేజీ టికెట్టు కొట్టాడు. ఆర్నెల్ల ఆదివారాలు ఆ పెట్టెలో ఉన్నాయి. పిన్ని వీణ టీచరు కాబట్టి ఏరికోరి వీణ కేసెట్టే పెట్టాను. ఆమె ఆ మాట అంటే నాకు కోపం కూడా రాలేదు. తప్పు వీణది అంటోంది కదా, నా పెట్టెది కాదు కదా అనుకున్నాను.

ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు. వీణకు ఇరవై నాలుగు మెట్లు. వాటిని తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన దిమ్మ మీద నిలబెడతారు. ఒక్కో మెట్టునూ శ్రుతి చూసుకుంటూ ఆ మైనంలో సర్దడాన్నే మేళం కట్టడం అంటారు. ఎండలు ముదిరితే మైనం మెత్తబడి మెట్టు కుంగుతుంది. అప్పుడు తీగె పక్క మెట్టుకు తగిలి గర్రుమంటుంది. మే నెలలో వీణ వాయించేవాళ్లకు ఈ చికాకు కొత్త కాదు.

పిన్ని కేసెట్టు వెనక్కి తిప్పించింది. ఈసారి కళ్లు తెరిచే వింది. “కాదురా. ఇది మెట్టు కాదు. మెట్టు కుంగితే గట్టిగా మీటినప్పుడు కొట్టుకుంటుంది, నాదం సన్నబడేకొద్దీ సర్దుకుంటుంది. ఇది తిరగబడి ఉంది. మీటినప్పుడు బాగానే ఉంది. సన్నబడ్డాక గీరుకుంటోంది.”

అప్పుడు తగిలింది నాకు దెబ్బ.

వాళ్లింట్లో పాత వాల్వు రేడియో ఉండేది. వేడెక్కడానికి అర నిమిషం పట్టే రకం. దాని వెనక గ్రామఫోన్ తగిలించుకోవడానికి రెండు రంధ్రాలుంటాయి. టేపురికార్డరు వైర్లు పీకి వాటిలో గుచ్చాను. అదే కేసెట్టు, అదే చోటు. తీగె మోగింది, సన్నబడింది, ఇంకా సన్నబడింది, గదిలో ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. గీర లేదు, గర్రు లేదు. నా యాంప్లిఫయర్ పుట్టకముందు ముప్పై ఏళ్ల నాటి చెక్కపెట్టె అది. దాని లెక్కలు రాస్తే నా పెట్టె లెక్కల ముందు నిలవవు. కాగితం మీద దాని డిస్టార్షన్, అంటే పాటలో అది కలిపే తప్పు, అయిదు శాతం దాకా పోతుంది, నాది శాతంలో పదో వంతు అని మ్యాగజైనులో సర్క్యూట్‌తో పాటు అచ్చేసి మరీ ఉంది.

నేను యాంప్లిఫయర్లలోకి వచ్చింది మైకుసెట్టు దారిన. మా వీధి చివర మైకుసెట్టు బాబాయి కొట్టు. ధనుర్మాసంలో రామాలయం మీద ఆయన కట్టే రెండు హారన్లు తెల్లవారుజామున పక్క ఊరిని కూడా లేపేవి. బడి నుంచి వచ్చి ఆయన కొట్లో లెడ్డు కరిగిస్తూ కూర్చునేవాణ్ని. మొదట చేసింది టీబీఏ 810 ఐసీతో. ఏడు వాట్ల ఐసీ అని పేరు. ఆ ఏడు వాట్లు పది శాతం డిస్టార్షన్ దగ్గర కొలిచినవని డేటాషీటులో పక్కనే ఉంటుంది. అది చదివే వయసు కాదు. ఎంత గట్టిగా అరిస్తే అంత గొప్ప. బాబాయి లెక్క కూడా అదే. ఆయన తప్పు కాదు. పెళ్లిపందిట్లో మైకుసెట్టుకు సన్న శబ్దంతో పనేముంది? అక్కడ సన్నగా మోగేదేదీ ఎవరికీ వినపడదు.

ఇంట్లో వినడం దానికి పూర్తిగా వేరే విద్య. ఇది తెలియడానికి నాకు పిన్ని కావాల్సి వచ్చింది.

అడితిలో దూలాలు కోసే పెద్ద రంపం చూశారా? చెరో కొసా ఇద్దరు పట్టుకుంటారు. ఒకడు లాగినప్పుడు రెండోవాడు వదిలేస్తాడు, మళ్లీ వాడు లాగుతాడు. అప్పట్లో ఇళ్లలో ఉండే యాంప్లిఫయర్లలో ఎక్కువ భాగం ఇలాగే పనిచేసేవి. శబ్దం అంటే పైకీ కిందికీ ఊగే అల. పై సగాన్ని ఒక ట్రాన్సిస్టర్ మోస్తుంది, కింది సగాన్ని రెండోది. ఒకటి పనిచేస్తుంటే రెండోది కూర్చుని ఉంటుంది, కరెంటు ఆదా. రంపం కోతలో నేర్పంతా లాగడంలో లేదు, చేతులు మారే చోట ఉంది. అక్కడ ఇద్దరూ ఒక్క క్షణం వదిలేస్తే రంపం కొయ్యలో గిజగిజలాడుతుంది.

ట్రాన్సిస్టర్లకు ఈ చేతులు మారే చోట ఒక గడప ఉంది. సిలికాన్ ట్రాన్సిస్టర్ 0.6 వోల్టులు ఇచ్చేదాకా లేవదు. అంతకు తక్కువ ఇస్తే తలుపు తట్టినా పలకని మనిషిలా ఉంటుంది. అంటే పైన 0.6, కింద 0.6, మధ్యన ఎవరూ కాపలా లేని జాగా. మైకుసెట్టులో ఊగే అల ముప్పై, నలభై వోల్టులు. ఈ గడప దాని కాలికి తగలదు. రాత్రి పదింటికి వసారాలో వినే వీణ మాట చూడండి. మామూలు స్పీకరు ఒక వాట్టుకు, ఒక మీటరు దూరంలో, 88 డెసిబెల్స్ ఇస్తుంది. అంత మోత ఇంట్లో ఎవరూ భరించరు. వాట్టులో నూరో వంతు ఇచ్చినా 68 డెసిబెల్స్ వస్తుంది, అంటే ఎదురుగా కూర్చున్న మనిషి గొంతెత్తి మాట్లాడినంత. ఆ నూరో వంతు వాట్టుకు ఎనిమిది ఓముల స్పీకరు మీద అల ఎత్తు 0.4 వోల్టులు. గడప కంటే పొట్టి. ఎవరూ చేయి అందించకపోతే ఆ పాట గడప దాటి బయటికే రాదు.

గడప ఎత్తు మారదు, మారేది పాట ఎత్తు. నూరు రూపాయల్లో రూపాయి జేబు చిల్లులోంచి జారితే ఎవరికీ పట్టదు, రెండు రూపాయల్లో రూపాయి జారితే సగం ఆస్తి పోయినట్టే. అందుకే ఈ జబ్బు గట్టిగా పాడేటప్పుడు దాక్కుని, సన్నబడేటప్పుడు బయటపడుతుంది. లోకంలో మిగతా లోపాలన్నీ బరువు పెరిగితే బయటపడేవి. బండి ఎత్తెక్కేటప్పుడు ఆయాసపడుతుంది, తాడు బరువెత్తితే తెగుతుంది, మెట్టు గట్టిగా మీటితే కొట్టుకుంటుంది. దీని వరస తిరగబడి ఉంది. పిన్ని పట్టుకున్నది సరిగ్గా ఆ తిరగబడటాన్నే.

1960ల్లో ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లు కొత్తగా వచ్చినప్పుడు చెవులున్నవాళ్లు వాటిని చూసి మూతి విరిచింది ఎక్కువగా దీనివల్లే. ఫుల్ పవర్ దగ్గర కొలిచి, ఆ అంకెను బ్రోషర్లో అచ్చేసేవారు. అక్కడ అంకె చక్కగానే ఉంటుంది. ఇళ్లలో వినేది ఆ పవర్లో కాదు. పరీక్ష ఒక పుస్తకం మీద, పాఠం ఇంకో పుస్తకం మీద.

మరి పాత రేడియోకు ఈ జబ్బు ఎందుకు లేదు? అందులో చివరన ఉన్నది ఒకే ఒక్క వాల్వు. పై సగమూ అదే, కింది సగమూ అదే. చేతులు మారే పనే లేదు, కాబట్టి గడపే లేదు. దీన్ని క్లాస్ ఏ అంటారు. అది చేసే తప్పు వేరే రకం, అదీ సంగీతం తెలిసినవాళ్లకు చెబితే ఇట్టే అర్థమయ్యే రకం. షడ్జమం వాయిస్తే అది ఎక్కువగా పై స్థాయి షడ్జమాన్ని కాస్త కలుపుతుంది. దాని తర్వాత, కొద్దిగా, పంచమాన్ని. తంబురా మీటినప్పుడు వాటంతట అవే పలికే స్వరాలే ఇవి. కాబట్టి చెవి వాటిని పరాయివాళ్లుగా చూడదు, నాదం నిండుగా ఉందంటుంది. చేతులు మారే చోట పుట్టే తప్పు మాత్రం అయిదో, ఏడో, తొమ్మిదో హార్మోనిక్కులు, అంటే అసలు స్వరానికి అన్నేసి రెట్ల స్వరాలు, ఇంకా పైవి తోడు తెచ్చుకుంటుంది. అయిదోదాకా పర్వాలేదు, అది అంతరగాంధారం, తంబురాలో వినపడేదే. ఏడోది కైశికి నిషాదానికి కింద ఎక్కడో, ఏ మేళకర్తకూ చెందని చోట పడుతుంది. శాతం లెక్కలో అయిదు కంటే పదో వంతు చిన్నదే. కానీ కచేరీలో వంద మంది తలలూపడం కంటే ఒకడి దగ్గు ముందు వినపడుతుంది కదా.

ఇక్కడ ఫీడ్‌బ్యాక్ సంగతి రావాలి. 1927 ఆగస్టు 2 ఉదయం హెరాల్డ్ బ్లాక్ అనే ఇంజనీరు హడ్సన్ నది మీద పడవలో న్యూయార్క్‌లోని తన ఆఫీసుకు వెళుతున్నాడు. దూరపు టెలిఫోన్ లైన్లలో వరసగా పెట్టిన యాంప్లిఫయర్లు ఒక్కోటి కొంత తప్పు కలుపుకుంటూ పోతే చివరికి మాట అర్థం కాకుండా పోయేది. ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడుతున్నది దాంతోనే. ఆ ఉదయం పడవలో తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్‌లో ఖాళీగా వచ్చిన పేజీ మీద లెక్క రాసేశాడు. బయటికి పోతున్న దాంట్లోంచి చిన్న వంతు తీసి, తలకిందులు చేసి, మళ్లీ లోపలికి పంపు. లోపలికి వచ్చిందీ బయటికి పోయిందీ ఎక్కడ సరిపోవడం లేదో ఆ తేడాను యాంప్లిఫయరే దిద్దుకుంటుంది. లక్ష రెట్లు పెంచగల దాన్ని వంద రెట్లకు కుదించుకుంటే తప్పు కూడా దాదాపు వెయ్యో వంతుకు కుదురుకుంటుంది. ఉన్న బలమంతా వదులుకుని నిజాయతీ కొనుక్కోవడం పేటెంటు ఆఫీసుకు మింగుడు పడలేదు. 1937 డిసెంబర్ దాకా పేటెంటు చేతికి రాలేదు.

పాటగాళ్లు చెవికి చేయి అడ్డం పెట్టుకుని పాడేది దేనికి? తమ గొంతు తమకు వినపడటానికి. బ్లాక్ చేసింది యాంప్లిఫయర్‌కు చెవి పెట్టడం. నా పెట్టెలోనూ ఆ చెవి ఉంది. మరి గీరను ఎందుకు దిద్దలేదు? ఫీడ్‌బ్యాక్ దిద్దాలంటే దిద్దే బలం ఆ క్షణంలో ఉండాలి. రెండు ట్రాన్సిస్టర్లూ వదిలేసిన ఆ మధ్య జాగాలో బలమే సున్నా. కొట్టు మూసేశాక ఫిర్యాదు ఎవరికి చెబుతారు? ఒక గడప నుంచి ఇంకో గడపకు వెనకున్న డ్రైవర్ ఒక్క దూకులో దాటేయాలని చూస్తుంది, ఎంత వేగంగా దూకినా ఒక చిన్న ముల్లు మిగిలిపోతుంది. పిన్ని విన్నది ఆ ముల్లును.

దీనికి మందు అందరికీ తెలిసిందే, నాకూ తెలుసు. పాట లేనప్పుడు కూడా రెండు ట్రాన్సిస్టర్లలో కొద్దిగా కరెంటు పారుతూ ఉండాలి. నిద్రపోనివ్వకుండా కునుకులో ఉంచడమన్నమాట. దాన్ని బయాస్ అంటారు, సర్దడానికి చిన్న ప్రీసెట్ ఉంటుంది. తెలిసి కూడా ఎందుకు పెట్టలేదంటే, భయం. హైదరాబాదులో మొదటిసారి స్విచ్ వేసిన రోజున ప్రీసెట్‌ను తెలియక చివరిదాకా తిప్పి ఉంచాను. టప్ అని రెండే చప్పుళ్లు. ఒక జత 2ఎన్ 3055లు, ఒక జత ఎంజే 2955లు, నాలుగు ట్రాన్సిస్టర్లూ షార్టు. ఎప్పుడూ సీరీస్ బల్బు పెట్టకుండా కొత్త సెట్టుకు కరెంటు ఇవ్వొద్దని మైకుసెట్టు బాబాయి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నూరు వాట్ల బల్బు మెయిన్స్‌కు వరసలో ఉంటే లోపల ఏది షార్టయినా బల్బు భగ్గున వెలుగుతుంది, సెట్టు బతుకుతుంది. మళ్లీ కోఠీ పోయి గుజరాతీ గల్లీలో ఒక కొట్లో అడిగితే, “ఒరిజినలా, వర్కింగా?” అన్నాడు కుర్రాడు. ఆ ప్రశ్నలో ఉన్న నిజాయతీకి ముచ్చటేసి ఒరిజినలే కొన్నాను, నాలుగు రెట్లు ధర పెట్టి. అంత పోసి కొన్నవాటిని మళ్లీ కాల్చుకోలేక, ప్రీసెట్‌ను ఈసారి రెండో కొసకు, పూర్తిగా సున్నాకు తిప్పేశాను. పెట్టె చల్లగా ఉండేది. గంటలు పాడినా హీట్‌సింక్ వేడెక్కడం లేదని మిత్రులకు చెయ్యి పెట్టించి మరీ చూపించి గర్వపడ్డాను. ఆ చల్లదనమే జబ్బని ఎవరనుకుంటారు?

ఆ రాత్రి వసారాలో పెట్టె మూత విప్పాను. ట్రాన్సిస్టర్ కాలి దగ్గర తెల్లటి సిమెంటు రెసిస్టర్ ఉంటుంది, 0.22 ఓములు. దాని రెండు చివర్లకూ మల్టీమీటరు ముళ్లు తగిలించి, గాజుగుడ్డు పట్టుకున్నట్టు స్క్రూడ్రైవర్‌తో ప్రీసెట్ కదిపాను. సున్నా, సున్నా, సున్నా, ఒక్కసారిగా 4 మిల్లీవోల్టులు. గుండె ఆగినంత పనైంది. 9. 15. నాకు కావాల్సింది 22. అంటే పదో వంతు ఆంపియరు ఊరికే పారడం. ఇరవై రెండు మీద ఆపి చెయ్యి తీశాను. మీటరు ఆగలేదు. 24, 27, 31 అని తనంతట తానే ఎక్కుతోంది.

ఇది మైనం కథే. ట్రాన్సిస్టర్ వేడెక్కితే గడప కుంగుతుంది, డిగ్రీకి దాదాపు రెండు మిల్లీవోల్టులు. 0.6 దగ్గర లేచేది ముప్పై డిగ్రీలు వేడెక్కితే 0.54 దగ్గరే లేస్తుంది. ఇచ్చే వోల్టులు అంతే ఉండి గడప కుంగితే పారే కరెంటు పెరుగుతుంది. కరెంటు పెరిగితే ఇంకా వేడి. వేడెక్కితే గడప ఇంకా కుంగుతుంది. అడ్డు లేకపోతే చివరికి ఆ రెండు టప్‌లే. అందుకని బయాస్ ఇచ్చే చిన్న ట్రాన్సిస్టర్‌ను కూడా అదే హీట్‌సింక్‌కు మైకా పెట్టి బిగిస్తారు. పెద్దన్న వేడెక్కితే తమ్ముడికీ వేడి తగిలి, ఇచ్చే వోల్టులు తగ్గిస్తాడు. నేను ఆ తమ్ముణ్ని బోర్డు మీదే వదిలేశాను. వైర్లు చాలలేదని, అప్పటికి బద్ధకమేసి. అర్ధరాత్రి దాకా కూర్చుని వైర్లు పొడిగించి, హీట్‌సింక్‌కు చిల్లి లేకపోతే రేకు బద్దతో అదిమి కట్టాను. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ చూస్తే 22 దగ్గర అటొకటి ఇటొకటిగా ఊగుతోంది. ఇక్కడ ఎక్కువ పెడితే ఇంకా మంచిదనుకోవడానికీ లేదు. ఎక్కువైతే మధ్యలో ఇద్దరూ కలిసి లాగే జాగా వెడల్పై, దాని అంచుల్లో మళ్లీ వేరే మెలిక పుడుతుంది. చారులో ఉప్పు లాంటి వ్యవహారం.

పొద్దున పిన్ని కాఫీ గ్లాసుతో వచ్చి కేసెట్టు పెట్టమంది. ఆ చోటు వచ్చింది, తీగె సన్నబడింది, పోయింది. ఆమె ఏమీ అనలేదు. కాసేపాగి, “ఆ బొంయ్‌మనేది కూడా ఆపగలవా?” అంది.

బొంయ్‌మనేది హమ్మింగ్. నా చెవి దాన్ని లెక్కలోంచి తీసేసింది, ఆమె చెవి తీసెయ్యలేదు. పైగా, “ఇప్పుడు అయిదు శ్రుతికి కాస్త ఎక్కువలో ఉంది, నిన్న సాయంత్రం మాత్రం సరిగ్గా అయిదు పట్టింది” అంది. లెక్క వేసి చూస్తే మతిపోయింది. రెక్టిఫయర్ నుంచి వచ్చే హమ్మింగ్ మెయిన్స్‌కు రెట్టింపు, నూరు హెర్ట్జ్. అయిదు శ్రుతి 98. ఆ రోజుల్లో దక్షిణాది గ్రిడ్‌లో యాభై యాభైగా నిలిచేది కాదు. సాయంత్రం అందరూ లైట్లు వేసే వేళకు 49కి, ఇంకా కిందికి కూడా జారేది. 49కి రెట్టింపు 98. కరెంటు ఆఫీసులో మీటరు చూస్తే గానీ తెలియని సంగతి పిన్ని వసారాలో కూర్చుని చెప్పేసింది. హమ్మింగ్‌కు కారణం మాత్రం చాలా మామూలుది. కండెన్సర్ల నెగెటివ్, స్పీకర్ల నెగెటివ్, ఇన్‌పుట్ షీల్డు వైరు, అన్నిటినీ ఎక్కడ దొరికితే అక్కడ ఛాసిస్‌కు అతికించేశాను. అన్నీ ఒక్క బిందువు దగ్గరికి చేర్చి, ఆ బిందువును ఒక్కచోటే ఛాసిస్‌కు కట్టాక మాయమైంది. పుస్తకాల్లో పేజీలు పేజీలు ఉండే విషయం, చేసేది ఇంతే.

ఆ తర్వాత కొన్నేళ్లు నాకు క్లాస్ ఏ పిచ్చి పట్టింది. గడపే లేని ఇల్లు కట్టుకుంటే గొడవే ఉండదు కదా. జాన్ లిన్స్లీ హుడ్ అనే ఆయన 1969 ఏప్రిల్ వైర్‌లెస్ వరల్డ్‌లో ఒక సర్క్యూట్ ఇచ్చాడు. ఛానెల్‌కు నాలుగే ట్రాన్సిస్టర్లు, పది వాట్లు. అది 1947లో డి.టి.ఎన్. విలియమ్సన్ అదే పత్రికలో ఇచ్చిన వాల్వు యాంప్లిఫయర్ పక్కన పెట్టి పోల్చి చూసి రాసిన వ్యాసం. ఎనిమిది ఓముల స్పీకరుకు 27 వోల్టులు, 1.2 ఆంపియర్లు, పాటున్నా లేకపోయినా. రెండు ఛానెళ్లకూ కలిపి అరవై అయిదు వాట్లు తిని, ఆ తిన్నదాంట్లో వాట్టో అర వాట్టో పాటగా ఇచ్చి, మిగతాదంతా వేడిగా కక్కుతుంది. అయినా విన్నప్పుడు ఆ ఖర్చు గుర్తుండేది కాదు. చలికాలం మా ఆవిడ ఇడ్లీపిండి గిన్నెను దాని పక్కన పెట్టేది. బాగా పులిసేది. ఆవిడ దృష్టిలో నేను చేసిన యాంప్లిఫయర్లన్నిట్లోకీ అదొక్కటే పనికొచ్చింది.

అదే కాలంలో బజార్లో పీఎంపీఓ అనే మాట రాజ్యమేలింది. చేతిసంచీలో పట్టే డబ్బాల మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు. వెనక చూస్తే అడాప్టరు 12 వోల్టులు, రెండు ఆంపియర్లు. ఇరవై నాలుగు వాట్లు తిని వెయ్యి వాట్లు ఇచ్చే యంత్రం. వాట్ల మీద నాకు పగ లేదు. మృదంగం మీద ఒక్క దరువు పడితే సగటు కంటే నూరు రెట్లు పవర్ క్షణంలో కావాలి, ఆ క్షణానికి కొన్ని పదుల వాట్లు చేతిలో ఉండాల్సిందే. పది వాట్ల నుంచి నూరు వాట్లకు పోతే చెవికి రెట్టింపు మోతే, పది రెట్లు కాదు. అయినా ఇంట్లో పాట నడిచేది ఎక్కువగా మొదటి వాట్టులోపే. నెల్సన్ పాస్ అనే అమెరికన్ డిజైనరు తన చిన్న కంపెనీకి ఫస్ట్ వాట్ అనే పేరు పెట్టుకున్నాడు. ఆ పేరు చూసినప్పుడల్లా వసారా గుర్తొస్తుంది.

ఇంతా చెప్పి ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. లోపాలు తీసేసిన యాంప్లిఫయర్లు, వాటి హద్దుల్లో వాయిస్తే, ఒకదానికొకటి తేడా తెలియవు. 1978లో ఇంగ్లండులో క్వాడ్ వాళ్ల మూడు తరాల యాంప్లిఫయర్లను, ఒకటి వాల్వులది, రెండు ట్రాన్సిస్టర్లవి, ఏది మోగుతోందో చెప్పకుండా చెవులున్నవాళ్లకు వినిపించారు. ఎవరూ నమ్మకంగా విడదీయలేకపోయారు. ఇది చెబితే నా మిత్రుల్లో వేలు పోసి స్పీకరు వైర్లు కొన్నవాళ్లు నాతో మాట్లాడటం మానేస్తారు. రెండు పెట్టెల మోత కచ్చితంగా సమానం చేయకుండా పోల్చి, కాస్త గట్టిగా మోగినదాన్ని ‘నిండుగా ఉంది’ అనడం మనందరం చేసే పనే. నేనూ చేశాను, నా పెట్టెకు అనుకూలంగా. చెవి అబద్ధం చెప్పదు గానీ, చెవికి ముందే చెప్పి ఉంచితే మాత్రం చెబుతుంది. పిన్నికి నేనేమీ చెప్పలేదు. ఆమె యాంప్లిఫయర్ వినలేదు, వీణ వింది.

ఇప్పుడు ఎవరూ విడి ట్రాన్సిస్టర్లు కొని అతికించుకోనక్కర్లేదు. అరచేతిలో సగం ఉండే క్లాస్ డీ బోర్డు కొన్ని వందల రూపాయలకు ఇంటికి వచ్చేస్తుంది. నా ట్రాన్స్‌ఫార్మర్ కంటే చవక, నా యాంప్లిఫయర్ కంటే బలం, గోరువెచ్చగా కూడా ఉండదు. అందులో అల ఎత్తును మోసే పని లేదు. రెండు స్విచ్‌లు సెకనుకు లక్షల సార్లు ఒకటి వేస్తే ఒకటి తీస్తూ ఉంటాయి, ఎంతసేపు వేసి ఉంచారన్నదే పాట. ఇక గడప గొడవ తీరిందనుకుని పుస్తకం తిరగేస్తే నవ్వొచ్చింది. రెండు స్విచ్‌లూ ఒక్కసారి పడితే షార్టు. అందుకని ఒకటి పూర్తిగా తీశాకే రెండోది వేస్తారు, మధ్యన కొన్ని పదుల నానోసెకన్లు ఎవరూ పట్టుకోని ఖాళీ. ఆ ఖాళీ ఎక్కువైతే డిస్టార్షన్, తక్కువైతే వేడి, ఇంకా తక్కువైతే పొగ. వోల్టుల్లో ఉన్న గడప కాలంలోకి ఇల్లు మార్చింది.

మొన్న ఏప్రిల్‌లో తెనాలి వెళ్లాను. పిన్నికి ఎనభై దాటాయి. వాయించడం మానేసింది గానీ, వీణకు మేళం చెడితే ఊరుకోదు. నూజివీడు నుంచి మేస్త్రి గారు వచ్చారు. చాప మీద వీణను పడుకోబెట్టి, పాత మైనం గీకి, కొత్తది కరిగించి పోసి, ఇత్తడి మెట్లు ఒక్కోటి పేరుస్తున్నారు. మెట్టు మీద తీగె నొక్కి మీటడం, చెవి ఒగ్గడం, వెంట్రుకవాసి జరపడం. మైనం ఆరేదాకా గాలి తగలకూడదని ఫ్యాను కట్టేయించారు. నేను ఆ మూల నా పాత పెట్టె మూత విప్పి కూర్చున్నాను. ముప్పై ఏళ్లలో ప్రీసెట్ తుప్పు పట్టింది. కొత్తది వేసి, మల్టీమీటరు ముళ్లు తగిలించి, హీట్‌సింక్ వేడెక్కడం కోసం చూస్తున్నాను. 19. 20. నాకూ ఫ్యాను పనికిరాదు, గాలి తగిలితే అంకె జారుతుంది.

“ఏం మేస్త్రి గారూ, ఇంకా ఎంతసేపు?” అన్నాను.

“చల్లారాలి బాబూ. మీదో?”

“వేడెక్కాలి.”

పిన్ని మంచం మీద నుంచి విసనకర్ర అందుకుంది. “మధ్యలో నన్ను చంపుతార్రా మీరిద్దరూ” అంది.